ముగ్గురి మధ్య సమతూకం: ఒక పియానో ట్రయో రికార్డింగు తయారయ్యే తీరు

పెద్ద కచేరీ పియానోలో సుమారు 230 తీగలు ఉంటాయి. వయొలిన్‌కు నాలుగు, చెల్లోకు నాలుగు. పియానో దాదాపు 480 కిలోల బరువుంటే వయొలిన్ అరకిలోకు మించదు. ఇంత తేడా ఉన్న మూడు వాద్యాల కోసం రాసిన సంగీతం పియానో ట్రయో. 18వ శతాబ్దంలో హైడెన్ రాసిన ట్రయోల్లో చెల్లో చాలాచోట్ల పియానో ఎడమచేతి స్వరాలనే అనుసరిస్తుంది. షూబర్ట్, మెండెల్సన్, షూమన్, బ్రామ్స్‌ల రొమాంటిక్ యుగానికి వచ్చేసరికి చెల్లోకు సొంత గొంతు వచ్చింది. అదే కాలంలో పియానో కూడా పెద్దదై, బిగ్గరగా మోగడం మొదలుపెట్టింది. ఈ సంగీతాన్ని రికార్డు చేసేవాళ్ల కష్టమంతా అక్కడే ఉంది.

ఫెలిక్స్ మెండెల్సన్ 1839లో రాసిన డి మైనర్ ట్రయో, ఓపస్ 49ను ఉదాహరణగా తీసుకుందాం. దాని తొలి రూపాన్ని విన్న స్నేహితుడు ఫెర్డినాండ్ హిల్లర్, పియానో భాగం పాతకాలపు పద్ధతిలో ఉందనీ, షోపాన్, లిస్ట్‌ల తరం తెచ్చిన కొత్త మెరుపు అందులో లేదనీ అన్నాడు. మెండెల్సన్ ఆ మాట మన్నించి పియానో భాగాన్ని తిరగరాశాడు. 1840 ఫిబ్రవరి 1న లైప్జిగ్‌లోని గెవాండ్‌హౌస్ సంగీతశాలలో ఫెర్డినాండ్ డేవిడ్ వయొలిన్‌తో, మెండెల్సన్ స్వయంగా పియానోతో ఆ కృతిని వినిపించారు. తిరగరాసిన భాగంలో పియానో మీద వేళ్లు ఆగకుండా పరుగెడతాయి. ఆ స్వరాల వాన నడుమ వయొలిన్, చెల్లో పాడుతూ వినిపించాలి.

దీన్ని సాధించడానికి రికార్డింగు బృందాలు పాటించే సూత్రం ఒక్కటే. సమతూకం ముందు గదిలో కుదరాలి. గదిలో లేనిదాన్ని మైకు పట్టుకోలేదు, మైకు పట్టుకోనిదాన్ని ఆ తర్వాత ఏ యంత్రమూ సృష్టించలేదు. కింది మెట్లన్నీ ఆ సూత్రం అమలయ్యే తీరే.

1. కృతులు, ప్రతులు

ముందు డిస్కులో ఏముండాలో తేల్చుకోవాలి. సీడీలో పట్టేది సుమారు 80 నిమిషాలు. మెండెల్సన్ డి మైనర్ ట్రయో అరగంటకు కాస్త తక్కువ. దానికి క్లారా షూమన్ 1846లో రాసిన జి మైనర్ ట్రయో, ఓపస్ 17 జోడిస్తే గంట లోపు అవుతుంది. మెండెల్సన్ అక్క ఫానీ హెన్సెల్ తన జీవితపు చివరి నెలల్లో, 1847లో రాసిన డి మైనర్ ట్రయో, ఓపస్ 11 కూడా చేర్చితే డిస్కు అంచు దాకా నిండుతుంది, ఒక్కోసారి పట్టదు కూడా. అన్నిటిని కుక్కడం కంటే ఒకదాని పక్కన ఒకటి వింటే అర్థం పెరిగే కృతులను ఎంచుకోవడం మేలు. ఎనిమిదేళ్ల వ్యవధిలో, ఒకరికొకరు బాగా తెలిసిన మనుషులు రాసినవి కాబట్టి ఈ మూడింటిలో ఏ రెండు కలిపినా డిస్కుకు ఒక కథ ఏర్పడుతుంది.

తర్వాత ప్రతి. స్వరకర్త చేతిరాతనూ తొలి ముద్రణనూ పోల్చి పరిష్కరించిన ప్రతులు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఎక్కడ గట్టిగా వాయించాలి, ఏ స్వరాలను ఒకే కమాను లాగులో కలపాలి అన్న చిన్న గుర్తుల దగ్గరే పాత ముద్రణలు తేడాపడుతుంటాయి. కొన్ని కృతులకు అసలు రూపమే రెండు రకాలు. బ్రామ్స్ బి మేజర్ ట్రయో, ఓపస్ 8ను 1854లో ప్రచురించి, 1889లో భారీగా తిరగరాశాడు. ఏ రూపం వాయిస్తున్నారో ముందే తేల్చుకుని డిస్కు మీద చెప్పాలి.

ప్రతి ఖరారయ్యాక సాధన. చక్కటి అలవాటు ఏమిటంటే, రికార్డింగుకు ముందు అదే కార్యక్రమాన్ని నలుగురి ముందు కచేరీల్లో వాయించడం. కాలప్రమాణం ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ తొందర పుడుతుందో అక్కడ తేలిపోతుంది. మైకుల ముందు కూర్చున్నాక చర్చించుకోవాల్సినవి ఎంత తక్కువుంటే పని అంత బాగా సాగుతుంది.

2. హాలు

ట్రయో రికార్డింగులో హాలును నాలుగో వాద్యంగా లెక్కపెట్టాలి. స్వరం ఆగాక గదిలో మారుమోత పూర్తిగా అణగిపోవడానికి పట్టే సమయం ఛాంబర్ సంగీతానికి సుమారు ఒకటిన్నర సెకన్లు ఉంటే అనుకూలం. అంతకన్నా బాగా తక్కువైతే వయొలిన్ ధ్వని పొడిబారుతుంది. మూడు, నాలుగు సెకన్లు మోగే పెద్ద రాతి చర్చిలో మెండెల్సన్ స్కెర్జో లాంటి వేగమైన, తేలికైన భాగం ఒక స్వరం మీద ఇంకొకటి పడి అలుక్కుపోతుంది. అందుకే కొందరు చిన్న చర్చిలను, ఇంకొందరు చెక్క పనితనం ఉన్న సంగీతశాలలను వెతుక్కుంటారు. 1955లో మొదలై 2008 వరకు నడిచిన బో ఆర్ట్స్ ట్రయో, స్విట్జర్లాండ్‌లో గడియారాల తయారీకి పేరుపడ్డ లా షో-ద-ఫోన్ పట్టణపు హాలులో చాలా రికార్డింగులు చేసింది. ఆ బృందంలో మొదటి నుంచి చివరి దాకా పియానో వాయించినవారు మెనాహెమ్ ప్రెస్లర్.

హాలు చూడటానికి వెళ్లిన ఇంజనీరు మొదట చప్పట్లు కొట్టి మారుమోత వింటాడు. ఆ తర్వాత నిశ్శబ్దంగా నిలబడి బయటి చప్పుళ్లు వింటాడు. వాహనాలు, విమానాలు, పక్షులు, గాలి పంకాలు, లైట్ల సన్నని రొద, వేడి గొట్టాల టిక్కుటిక్కులు, ఇవన్నీ జాబితాలోకి ఎక్కుతాయి. లండన్‌లోని కింగ్స్‌వే హాలు ధ్వనికి ఎంతో పేరు పొందింది. అయినా దాని కింద నడిచే పికడిల్లీ లైను భూగర్భ రైలు గురగుర అక్కడ చేసిన ఎన్నో రికార్డింగుల్లోకి చేరింది. గొప్ప హాలుకు కూడా వేళ చూసుకుని పనిచేయాల్సి వస్తుందని దాని చరిత్ర చెబుతుంది.

3. పియానో, శ్రుతి

పియానోకు తగిన సాంకేతిక నిపుణుడు రికార్డింగు జరిగినన్ని రోజులూ అక్కడే ఉండాలి. ఉదయం అందరికంటే ముందు వచ్చి శ్రుతి చేస్తాడు, భోజన విరామంలో మళ్లీ సరిచూస్తాడు, మధ్యలో ఒక్క తీగ జారినా వచ్చి సరిచేస్తాడు. శ్రుతి మాత్రమే కాదు. తీగలను కొట్టే సుత్తుల మీది ఉన్ని దిమ్మెలను సూదులతో గుచ్చి మెత్తబరిచి, కటువైన స్వరాలను మిగతావాటితో కలుపుతాడు. పెడల్ కిర్రుమనకుండా, వాయించేవారి బల్ల మూలగకుండా చూస్తాడు. కచేరీలో ఎవరూ పట్టించుకోని ఆ కిర్రు మైకు ముందు పెద్ద శబ్దం.

తర్వాత మూడు వాద్యాల శ్రుతి కలవాలి. మన కచేరీలో వయొలిన్ విద్వాంసుడు గాయకుడి శ్రుతికి తగ్గట్టు తీగలు బిగించుకుంటాడు. ట్రయోలో ఆ అధికారం పియానోది, ఎందుకంటే మధ్యలో మార్చుకోలేని వాద్యం అదొక్కటే. చిక్కు ఇంకోటి ఉంది. వయొలిన్, చెల్లో తీగలను షడ్జ పంచమాల స్వచ్ఛమైన దూరంలో బిగిస్తారు. పియానోలో పంచమం దానికన్నా ఒక్క పిసరు తక్కువ. అర్ధస్వరాన్ని వంద భాగాలు చేస్తే రెండు భాగాలంత తేడా. చెల్లోలో పై తీగ నుంచి కింది తీగకు మూడు పంచమాలు దిగాలి కాబట్టి అట్టడుగు ‘సి’ తీగ దగ్గరకు వచ్చేసరికి తేడా ఆరు భాగాలవుతుంది. పియానో బరువైన మంద్రస్వరం మోగుతున్నప్పుడు అది చెవికి తెలుస్తుంది. అందుకని చెల్లో వాదకులు పంచమాలను కాస్త దగ్గరకు తెచ్చి, కింది తీగను పియానోతో నేరుగా పోల్చి సరిచేసుకుంటారు.

కొన్ని బృందాలు 19వ శతాబ్దపు పియానోను, పేగుతో చేసిన తీగలను ఎంచుకుంటాయి. మెండెల్సన్‌కు ఇష్టమైన ఎరార్ పియానోల్లోనూ, 1840లో క్లారాకు అందిన కాన్రాడ్ గ్రాఫ్ పియానోలోనూ నేటి పియానో కంటే ధ్వని తేలిక, మంద్రస్వరాలు తేట. అలాంటి వాద్యాలతో సమతూకం సగం తనంతట తానే కుదురుతుంది. బదులుగా తేమ కాస్త మారినా శ్రుతి జారుతుంది, కాబట్టి విరామాలు పెరుగుతాయి.

4. కూర్చునే తీరు

కచేరీలో పియానో వెనక, వయొలిన్ ఎడమవైపు, చెల్లో కుడివైపు ఉంటాయి, తీగవాద్యాలు వాయించే ఇద్దరూ శ్రోతల వైపు తిరిగి కూర్చుంటారు. పియానిస్టుకు మిగతా ఇద్దరి వీపులే ఎక్కువ కనిపిస్తాయి. రికార్డింగులో శ్రోతలు లేరు కాబట్టి అలాగే కూర్చోవాలన్న నియమం లేదు. కొందరు కచేరీ అమరికే ఉంచుతారు, అలవాటైన చోట అలవాటైనట్టు వాయిస్తామని. కొందరు తీగవాద్యాలను పియానో వైపు తిప్పి, ఒకరి కళ్లు ఒకరికి కనిపించేలా కూర్చుంటారు. ఊపిరి కలిసి తీసుకుని మొదలుపెట్టే సంగీతానికి చూపు కలవడం పెద్ద సాయం.

ఇక్కడ గడిపిన ప్రతి నిమిషం తర్వాత గంటలను మిగులుస్తుంది. చెల్లోను ఒక అడుగు ముందుకు జరపడం, దాని కింద బోలుగా మోగే చెక్క వేదిక వేయడం లేదా తీసేయడం, పియానో మూతను పూర్తిగా ఎత్తడం, సగం దించడం, కొన్నిసార్లు పూర్తిగా తొలగించడం, పియానో కింద కార్పెట్ పరచడం, ఇవన్నీ సమతూకపు సాధనాలే. మూత దించితే పియానో తగ్గుతుందని తొందరపడకూడదు. శబ్దం తగ్గడంతో పాటు తేటదనం కూడా తగ్గి, పియానో గొంతు మూసుకుపోతుంది. మూత పూర్తిగా తెరిచి, వాయించేవారి చేతిలోనే తూకం తెచ్చుకోవడం ఉత్తమం. ఎడమచేతిని తేలిక చేయడం, పెడల్‌ను పొదుపుగా వాడటం ఏ మైకూ చేయలేని మేలు చేస్తాయి.

5. మైకులు

అసలు చిత్రాన్ని పట్టేది ప్రధానమైన రెండు మైకులు. నలుదిక్కుల నుంచీ ధ్వనిని తీసుకునే రకాన్ని, ఒకదానికొకటి సుమారు 40 నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో, వాద్యాల ముందు రెండు మూడు మీటర్ల ఎత్తున నిలబెట్టడం బాగా వాడుకలో ఉన్న పద్ధతి. దగ్గరకు జరిపితే కమాను తీగను పట్టుకునే గరుకుదనం వినిపిస్తుంది, దూరం జరిపితే హాలు వినిపిస్తుంది. ఆ రెండింటి మధ్య ఒక చోటు ఉంటుంది. అక్కడ ముగ్గురూ విడివిడిగా కనిపిస్తూనే ఒకే గాలిలో ఉంటారు. దాని కోసం ఇంజనీరు స్టాండును పిడికెడు చొప్పున జరుపుతూ, ప్రతిసారీ పరిశీలన గదిలోకి వెళ్లి వింటాడు.

తర్వాతే ఒక్కో వాద్యానికి దగ్గరి మైకు. అది ప్రధాన మైకులకు తోడు మాత్రమే. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, అంటే మీటరుకు దాదాపు మూడు మిల్లీసెకన్లు. చెల్లో పక్కనున్న మైకును దాని స్వరం ముందే చేరి, ప్రధాన మైకులను ఆలస్యంగా చేరుతుంది. అందుకని దగ్గరి మైకు ధ్వనిని అంతమేర ఆలస్యం చేసి కలుపుతారు. పైగా చెల్లో మైకులో పియానో కూడా వినిపిస్తుంది. దాన్ని పెంచితే చెల్లోతో పాటు పక్కనున్న పియానో కూడా పెరుగుతుంది. సినిమా పాటల్లోలా ఒక్కో వాద్యాన్ని విడిగా రికార్డు చేసి తర్వాత తూచుకునే వీలు ఇక్కడ లేదు. ముగ్గురూ ఒకే గదిలో, ఒకేసారి వాయించాలి. ఆ కలయికే ఈ సంగీతం.

యంత్రంలో 24 బిట్‌ల లోతుతో, సెకనుకు 96,000 నమూనాలతో రికార్డు చేయడం సాధారణం. అత్యంత గట్టి ఘట్టానికి కూడా కాస్త చోటు మిగిలేలా స్థాయి పెట్టి, ఇక దాన్ని ముట్టుకోరు.

6. టేకులు

రికార్డింగు ప్రొడ్యూసర్ పరిశీలన గదిలో స్వరప్రతి ముందుంచుకుని కూర్చుంటాడు. జర్మనీలో ఈ వృత్తికి ‘టోన్‌మైస్టర్’ అని పేరు, డెట్‌మోల్డ్‌లో 1949 నుంచే దానికి ప్రత్యేక కోర్సు ఉంది. సంగీతమూ భౌతికశాస్త్రమూ రెండూ తెలిసిన ఈ మనిషి ముగ్గురు కళాకారులకు నాలుగో జత చెవులు. ఒక చిన్న స్పీకరు ద్వారా హాలుతో మాట్లాడతాడు. ప్రతి టేకుకు ఒక సంఖ్య చెబుతాడు, ఏ బార్‌లో (తాళపు ఖండంలో) శ్రుతి తప్పింది, ఎక్కడ ఇద్దరు కలిసి రాలేదు, ఎక్కడ కుర్చీ చప్పుడైంది అన్నది ఆ సంఖ్యతో ప్రతి మీద పెన్సిలుతో గుర్తుపెడతాడు.

గంట నిడివి డిస్కుకు మామూలుగా రెండు మూడు రోజులు పెడతారు. ప్రతి భాగాన్నీ మొదట ఆది నుంచి అంతం దాకా ఆపకుండా ఒకటి రెండుసార్లు వాయిస్తారు. భావమూ కాలప్రమాణమూ ఆ పూర్తి టేకుల్లోనే దొరుకుతాయి. తర్వాత కళాకారులు లోపలికి వచ్చి విని, చెల్లో లోతు చాలలేదనో, రెండో భాగం మందగించిందనో తేల్చుకుని తిరిగి వెళతారు. ఆపైన పేజీ రెండు పేజీల ఖండాలు, చివరగా నాలుగైదు బార్‌ల అతుకులు. వేళ్లు చురుగ్గా ఉన్నప్పుడు స్కెర్జో, అలసట వచ్చాక నెమ్మది భాగం పెట్టుకోవడం తెలివైన క్రమం.

మెండెల్సన్ తొలి భాగం తెరుచుకునే తీరు ప్రొడ్యూసర్‌కు మంచి పరీక్ష. చెల్లో మెల్లగా పాట ఎత్తుకుంటుంది, పియానో దాని కింద తాళానికి ఎదురు దెబ్బలతో స్వరసమూహాలు వేస్తుంది, వయొలిన్ ఆ తర్వాతే వస్తుంది. పియానో దెబ్బలు స్పష్టంగా ఉంటే పాట వెనక్కి పోతుంది, మరీ మెత్తబడితే గుండెదడ లాంటి ఆ ఆందోళన పోతుంది. దీన్ని మైకు జరిపి కాక, పియానిస్టుతో మాట్లాడి సాధించాలి. మంచి ప్రొడ్యూసర్ “తగ్గించండి” అని ఊరుకోడు, “చెల్లో మీద చెవి పెట్టి వాయించండి” అంటాడు. ఆ రెండు మాటలకు వచ్చే ఫలితాలు వేరు.

ప్రతి బార్‌కూ కనీసం రెండు మంచి టేకులు ఉన్నాయని తన గుర్తులు చూసి నిర్ధారించుకున్నాకే ప్రొడ్యూసర్ పని ముగిసిందని చెబుతాడు.

7. కూర్పు

ఇప్పుడు కూర్పు పట్టిక తయారవుతుంది. ఈ బార్ దాకా మూడో టేకు, అక్కడి నుంచి ఏడో టేకు, ఇలా. కంప్యూటరులో ఒక టేకు తగ్గుతూ ఇంకొకటి పెరిగేలా కలిపే ఆ కీలు కొన్ని మిల్లీసెకన్లు మాత్రమే. స్వరం కొత్తగా మొదలయ్యే చోట కీలు దాగుతుంది. పెడల్ నొక్కి ఉంచి మోగుతున్న చోట బయటపడుతుంది, ఎందుకంటే వెనకటి స్వరాల మారుమోత రెండు టేకుల్లో ఒకేలా ఉండదు. వేగం, బలం, శ్రుతి, మారుమోత నాలుగూ సరిపోతేనే అతుకు కుదురుతుంది. వయొలిన్ ఒక్కటే తప్పినా ముగ్గురినీ కలిపి మార్చాలి.

ఇంత వీలున్నా కూర్పులో సంయమనం అవసరం. చిన్న లోపం ఉన్నా ఊపిరి ఉన్న టేకును, లోపం లేని నిర్జీవమైన టేకుతో మార్చకూడదు. దీన్ని అభిరుచిగా మాత్రమే కాదు, బాధ్యతగా కూడా పాటించాలి. తొలి కూర్పు కళాకారులకు వెళుతుంది, వారు బార్ సంఖ్యలతో అభ్యంతరాలు రాసి పంపుతారు, రెండో కూర్పు వస్తుంది.

8. తుది మెరుగు

చివరి దశలో చేసేది తక్కువే ఉండాలి. మైకుల పాళ్లు చిటికెడు సవరించడం, మిగిలిన చప్పుళ్లను తుడవడం, భాగాల మధ్య మౌనం ఎంతసేపుండాలో నిర్ణయించడం. ఆవేశంగా ముగిసిన తొలి భాగం తర్వాత, పియానో ఒంటరిగా మొదలుపెట్టే రెండో భాగానికి ముందు శ్రోతకు ఊపిరి తీసుకునే వ్యవధి కావాలి. మెల్లని చోట్లను పెంచి గట్టి చోట్లను అణచే అలవాటును ఇక్కడికి తేకూడదు, ఆ ఎత్తుపల్లాలే రొమాంటిక్ సంగీతపు ప్రాణం. ఆపైన సీడీ కోసం 16 బిట్‌లు, 44,100 నమూనాలకు దించడం, ప్రతి భాగానికి గుర్తింపు సంఖ్య ఇవ్వడం, చిరుపుస్తకం అచ్చు వేయడం.

ఈ మెట్లన్నీ లేని రోజుల్లోనూ గొప్ప రికార్డింగులు వచ్చాయి. ఆల్‌ఫ్రెడ్ కోర్తో, జాక్ తిబో, పాబ్లో కసాల్స్ 1926లో కింగ్స్‌వే హాలులో షూబర్ట్ బి ఫ్లాట్ ట్రయోను, మరుసటి ఏడు మెండెల్సన్ డి మైనర్‌ను లండన్‌లోనే రికార్డు చేశారు. మైకుతో రికార్డింగు అప్పటికి ఇంకా కొత్త. మైనపు పళ్లెం మీద ఒక్కో వైపు నాలుగు నిమిషాలకు కాస్త పైన మాత్రమే పట్టేది. తప్పు వస్తే ఆ వైపంతా మళ్లీ వాయించాల్సిందే, అతుకు వేసే వీలే లేదు. గీతల సవ్వడి నడుమ ఈనాటికీ ఆ ముగ్గురి తూకం చక్కగా వినిపిస్తుంది. రెండు దశాబ్దాలుగా కలిసి వాయిస్తున్న వాళ్లు దాన్ని గదిలోనే కుదుర్చుకున్నారు.

మెండెల్సన్ డి మైనర్ ట్రయోను ఈ వారం ఒకసారి వినండి. మొదట 1927 నాటిది, తర్వాత ఈ కాలపు బృందం ఏదైనా. ప్రారంభంలో పియానో స్వరాల నడుమ నుంచి చెల్లో ఎంత సునాయాసంగా పైకి వస్తుందో గమనించండి. అక్కడ మీ చెవికి శ్రమ లేకపోతే ఆ రికార్డింగు బాగా చేసినట్టే.